క్రైస్తవులు – యుద్ధం – అహింస



మాది కృష్ణ ఒడ్డు. నదికి ఇవతల రాయచూరు జిల్లా, అవతల పాత పాలమూరు. జిల్లాలు మారినా, రాష్ట్రాలు మారినా వియ్యాలు మాత్రం మారలేదు. మక్తల్ నుంచి, నారాయణపేట నుంచి వచ్చిన కోడళ్ళు మా ఊళ్ళల్లో వీధికి నలుగురు ఉంటారు. బడిలో నేను పొద్దున తెలుగు, మధ్యాహ్నం కన్నడం చెబుతాను. పిల్లలు రెండింటిలోనూ నన్ను ప్రశ్నలడుగుతారు. కానీ ఈరోజు నేను మాట్లాడబోయే విషయం పిల్లలు అడిగింది కాదు, ఒక అవ్వ అడిగింది.

పోయిన చలికాలంలో ఒక సాయంత్రం, బడి వదిలే వేళకు ఆమె మనవణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది. ఆ కుర్రవాడు పదో తరగతి దాకా నా దగ్గర చదివినవాడే. అగ్నివీర్ రాతపరీక్ష పాసయ్యాడు, ర్యాలీకి పిలుపు వచ్చింది. వాళ్ళ నాన్న వరసగా రెండేళ్ళు పత్తి వేసి అప్పులపాలైన సంగతి అందరికీ తెలుసు కాబట్టి ఊరంతా సంతోషించింది. అవ్వ ఒక్కతే సంతోషించలేదు. ఆమె పుట్టిల్లు మక్తల్ వైపు. వాళ్ళ నాయన ఎం.బి. చర్చిలో పాటలు నేర్పేవాడట.

“మనిషిని సంపొద్దని మా నాయన చెప్పిండు సారూ. వీడేమో తుపాకి పట్టుకుంటనంటడు. నువ్వు చదువుకున్నోడివి, వీనికి నువ్వన్న జెప్పు” అంది.

కుర్రవాడు ఊరుకోలేదు. “సార్, మా చర్చిలోనే రిటైరైన సుబేదారు ఉన్నాడు. క్రిస్మస్ నాడు ఆయన్ను ముందు వరసలో కూర్చోబెడతారు. ఆయన క్రైస్తవుడు కాదా?” అన్నాడు.

నేను ఆ మతంలో పుట్టినవాణ్ణి కాను. తెలుగు బైబిలు వాక్యం మీద ఇష్టంతో అప్పుడప్పుడూ చదివినవాణ్ణి, అంతే. “వారం రోజులు గడువివ్వండి” అన్నాను. ఆ వారంలోనూ, తర్వాతి నెలల్లోనూ చదివి తెలుసుకున్నదాన్ని ఇప్పుడు మీ ముందు పెడుతున్నాను.

ముందు బైబిలు సంగతి. అవ్వ పక్షాన ఉన్న సాక్ష్యం చాలా గట్టిది. కొండమీద ప్రసంగంలో యేసు శత్రువును కూడా ప్రేమించమన్నాడు, ఒక చెంప మీద కొడితే రెండో చెంప చూపమన్నాడు. గెత్సేమనే తోటలో తనను పట్టుకోవడానికి మనుషులు వచ్చినప్పుడు పేతురు కత్తి దూసి మల్కు అనే దాసుడి చెవి నరికాడు. యేసు ఆ కత్తిని ఒరలో పెట్టించి, తెగిన చెవిని బాగుచేశాడు. తనను పట్టుకోవడానికి వచ్చినవాడి చెవిని! దీనికి వేరే వ్యాఖ్యానం అక్కరలేదనిపిస్తుంది.

మరి కుర్రవాడి పక్షం? అదీ తీసిపారేసేది కాదు. బాప్తిస్మమిచ్చే యోహాను దగ్గరకు సైనికులు వచ్చి మేమేం చెయ్యాలని అడిగితే, ఎవరినీ దోచుకోవద్దని, జీతంతో తృప్తిపడమని చెప్పాడు గాని ఉద్యోగం మానెయ్యమని చెప్పలేదు. కపెర్నహూములో యేసు ఎవరి విశ్వాసాన్ని మెచ్చుకున్నాడు? ఒక రోమా శతాధిపతి విశ్వాసాన్ని. యూదులు కానివారిలో పేతురు చేతుల మీదుగా సంఘంలోకి వచ్చిన కొర్నేలి కూడా శతాధిపతే. ఆ తర్వాత అతను కత్తి దించాడో లేదో గ్రంథం చెప్పదు. రెండు వేల ఏళ్ళుగా క్రైస్తవులు వాదించుకుంటున్నది ఈ మౌనం మీదనే.

మొదటి మూడు వందల ఏళ్ళలో చాలామంది పెద్దల మాట అవ్వ మాటే. ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజి నగరవాసి టెర్టూలియన్, పేతురు చేతిలో కత్తి దింపించిన రోజునే ప్రభువు ప్రతి సైనికుడి చేతా ఆయుధం దింపించాడనే అర్థం వచ్చేలా రాశాడు. అయితే అదే టెర్టూలియన్ రాతల వల్లనే, ఆ రోజుల్లో రోమా సైన్యంలో క్రైస్తవులు ఉన్నారని కూడా మనకు తెలుస్తుంది. పెద్దలు ఒకటి చెప్పడం, ఇళ్ళల్లో మరొకటి జరగడం మన కాలపు సంగతి మాత్రమే కాదన్నమాట.

ఆ కాలం నుంచి ఒక కుర్రవాడి విచారణ రికార్డు మిగిలి ఉంది. క్రీ.శ. 295 మార్చి 12న, ఇప్పటి అల్జీరియాలో ఉన్న తెబెస్సా అనే ఊళ్ళో జరిగింది. కుర్రవాడి పేరు మాక్సిమిలియన్. వయసు ఇరవై ఒక్కేళ్ళు. సైన్యంలోకి తీసుకోవడానికి అతన్ని అధికారి ముందు నిలబెట్టారు. ఎత్తు కొలవమన్నాడు అధికారి. కొలిచి, ఐదడుగుల పది అంగుళాలని పైకి చదివారు. శ్రోతలారా, ఈ ముక్క చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. మన ర్యాలీ మైదానంలో చొక్కా విప్పించి ఎత్తు, ఛాతీ కొలిచే దృశ్యం మీలో చాలామంది చూసే ఉంటారు. పదిహేడు వందల ఏళ్ళ కిందటా అదే వరస, అదే కొలకర్ర.

మాక్సిమిలియన్ తాను క్రైస్తవుణ్ణనీ, సైన్యంలో చేరలేననీ చెప్పాడు. సైనికుడి గుర్తుగా మెడలో వేసే సీసపు ముద్రను వద్దన్నాడు. అధికారి మరీ దుర్మార్గుడేం కాదు. నచ్చజెప్పే చూశాడు. చక్రవర్తుల అంగరక్షకుల్లోనే క్రైస్తవులున్నారు, వాళ్ళు కొలువు చెయ్యడం లేదా అని అడిగాడు. మా కుర్రవాడు సుబేదారు గురించి అడిగిన ప్రశ్నే ఇది. వాళ్ళకేది తగునో వాళ్ళకే తెలుసు, నేను మాత్రం చెడు చెయ్యలేనన్నాడు మాక్సిమిలియన్. పక్కనే తండ్రి ఉన్నాడు. కొడుక్కి బుద్ధి చెప్పమంటే, వాడికేం కావాలో వాడికి తెలుసునన్నాడు తండ్రి. మరణశిక్ష పడింది. చనిపోయే ముందు ఆ పిల్లవాడు తండ్రితో చెప్పిన మాట ఒకటి రికార్డులో ఉంది. సైన్యంలో చేరతానని తన కోసం కుట్టించి ఉంచిన కొత్త బట్టల్ని, తన తల నరకబోయే బంటుకు ఇచ్చెయ్యమన్నాడు.

తర్వాత ఇరవై ఏళ్ళు గడవకుండానే కథ తిరగబడింది. 312లో కాన్‌స్టంటైన్ సిలువ గుర్తు అండతో యుద్ధం గెలిచానన్నాడు. 313 నుంచి క్రైస్తవానికి రాజరక్షణ దొరికింది. అంతదాకా హింస పడ్డవాళ్ళ మతం కాస్తా ఏలేవాళ్ళ మతమైంది. ఏలేవాడికి సరిహద్దులుంటాయి, సరిహద్దులకు కాపలా కావాలి. అప్పుడు పుట్టిన ప్రశ్నకు సమాధానం వెతికినవాడు అగస్టీన్. ఆయన కాలం 354 నుంచి 430. యుద్ధం ఎప్పుడూ దుఃఖించవలసిందే అయినా, అధికారం ఉన్నవాడు, న్యాయమైన కారణంతో, పగతో కాక శాంతి కోసం చేసే యుద్ధంలో క్రైస్తవుడు పాల్గొనవచ్చునన్నాడు. పదమూడో శతాబ్దంలో థామస్ అక్వైనస్ దాన్ని సూత్రబద్ధం చేశాడు. న్యాయయుద్ధ సిద్ధాంతం అంటారు దీన్ని. మనకు ధర్మయుద్ధం అనే మాట కొత్త కాదు కదా! కురుక్షేత్రంలో మొదటిరోజు పెట్టుకున్న నియమాల్లో పద్దెనిమిదో రోజుకు ఎన్ని మిగిలాయో కూడా మనకు తెలుసు. అక్కడా అంతే. 1095లో పోపు రెండో అర్బన్ పిలుపుతో సిలువ యుద్ధాలు మొదలయ్యాయి. 1099లో యెరూషలేములో రక్తం పారింది. 1204లో అదే సిలువ ధరించిన సైన్యం తోటి క్రైస్తవుల కాన్‌స్టాంటినోపుల్‌నే కొల్లగొట్టింది. ఆ గొడవల మధ్య 1219లో అసిసీకి చెందిన ఫ్రాన్సిస్ అనే బికారి సన్యాసి ఈజిప్టు యుద్ధరంగం దాటి, ఆయుధం లేకుండా సుల్తాను అల్ కామిల్ దగ్గరకు వెళ్ళి మాట్లాడి క్షేమంగా తిరిగి వచ్చాడు. అంతకుమించి ఆ కాలం గురించి చెప్పను. చెబితే సమయం చాలదు.

నేను అసలు చెప్పాలనుకున్న మనిషి వేరు. అవ్వగారి చర్చి పేరు ఎం.బి. అన్నాను కదా. అంటే మెన్నొనైట్ బ్రెదరెన్. మెన్నో సైమన్స్ అనే డచ్చి పాదిరి పేరు మీద వచ్చిన మాట అది. 1525లో స్విట్జర్లాండులోని జ్యూరిచ్‌లో కొందరు, పసిపిల్లలకు ఇచ్చే బాప్తిస్మం చెల్లదని, ఊహ తెలిసిన మనిషి తానుగా కోరి తీసుకోవాలని అన్నారు. కత్తి పట్టమన్న మాట కూడా వీళ్ళలో చాలామంది నోట వచ్చింది. కత్తి పట్టినవాళ్ళూ ఉన్నారు గాని, వాళ్ళు నాశనమైన తర్వాత మిగిలినవాళ్ళను మెన్నో అహింసా మార్గంలో కూడగట్టాడు. కాథలిక్కులూ, ప్రొటెస్టెంట్లూ ఒకరితో ఒకరు పోట్లాడుకుంటూనే వీళ్ళను చంపడంలో మాత్రం ఏకమయ్యారు.

నెదర్లాండ్సులోని ఆస్పెరెన్ అనే ఊళ్ళో డిర్క్ విల్లెమ్స్ అనేవాడుండేవాడు. పెద్దయ్యాక బాప్తిస్మం తీసుకున్నాడు, తన ఇంట్లో ఇతరులకూ ఇప్పించాడు. ఆ నేరానికి చెరలో వేశారు. పేలికలు ముడివేసి తాడు చేసుకుని గోడ దిగి పారిపోయాడు. ముందర ఒక చెరువు, చలికి పైన గడ్డకట్టి ఉంది. మన రాయచూరు ఎండల్లో పుట్టిన పిల్లలకు చెరువు గడ్డకట్టడం ఎలా ఉంటుందో చెప్పడానికి నాకు క్లాసులో సగం పీరియడ్ పట్టింది. పైన పలక, కింద నీళ్ళు. పలక పల్చగా ఉంటే పగిలిపోతుంది. జైలు కూడుతో చిక్కిపోయిన డిర్క్ ఎలాగో దాటేశాడు. వెంట తరుముతున్న బంటు బరువుకు పలక పగిలింది. వాడు నీళ్ళలో పడ్డాడు, చావుకేకలు పెట్టాడు.

డిర్క్ వెనక్కి తిరిగాడు. మళ్ళీ ఆ మంచు మీదికే వచ్చి, చెయ్యి అందించి వాణ్ణి ఒడ్డుకు లాగాడు.

ఆ బంటు డిర్క్‌ను వదిలెయ్యాలనే అనుకున్నాడు. కానీ గట్టు మీద నిలబడ్డ నగరపెద్ద, నీ ప్రమాణం గుర్తు తెచ్చుకో అని గద్దించాడు. బంటు చేసిన కొలువు ప్రమాణం అది. బంటు డిర్క్‌ను పట్టుకున్నాడు. 1569 మే 16న డిర్క్‌ను సజీవంగా కాల్చారు. ఆ రోజు తూర్పుగాలి బలంగా వీచి మంట పక్కకు వాలిపోవడం వల్ల ప్రాణం చాలాసేపటికి గాని పోలేదు. తర్వాత వచ్చిన ఒక పెద్ద హతసాక్షుల చరిత్ర గ్రంథంలో ఈ కథ ఉంది. 1685 ముద్రణలో యాన్ లుయ్‌కెన్ చెక్కిన బొమ్మ కూడా ఉంది. మంచు అంచున వంగి రెండు చేతులూ చాచిన మనిషి బొమ్మ. ప్రపంచంలో మెన్నొనైట్ల ఇళ్ళల్లో చాలాచోట్ల ఆ బొమ్మ కనిపిస్తుంది.

ఇంతకీ నెదర్లాండ్సు మంచుకూ పాలమూరు ఎర్రమట్టికీ సంబంధం ఏమిటంటారా? యుద్ధానికి రాము అన్నందుకు వీళ్ళు దేశాలు పట్టి తిరిగారు. నెదర్లాండ్సు నుంచి పోలండు వైపు, అక్కడి నుంచి రష్యా మహారాణి కాథరిన్ పిలుపు మీద, సైన్యంలో చేరనక్కరలేదన్న హామీతో, 1789లో ఇప్పటి ఉక్రెయిన్‌కు వెళ్ళారు. అక్కడే 1860లో మెన్నొనైట్ బ్రెదరెన్ అనే శాఖ పుట్టింది. 1874లో రష్యాలో నిర్బంధ సైనిక సేవ చట్టం రావడంతో వేలమంది అమెరికా, కెనడాలకు వెళ్ళిపోయారు. ఉండిపోయినవాళ్ళకు తుపాకికి బదులు అడవుల్లో చెట్లు నాటే పని ఇచ్చారు. ఆ ఉక్రెయిన్ పల్లెల నుంచే అబ్రహాం ఫ్రీసెన్ దంపతులు 1889లో బయలుదేరి మన నల్లగొండకు వచ్చారు. 1899లో అమెరికా నుంచి మరికొందరు వచ్చారు. నాగర్‌కర్నూల్, వనపర్తి, దేవరకొండ, జడ్చర్ల, శంషాబాద్ – ఈ ఊళ్ళ బళ్ళల్లో, ఆసుపత్రుల్లో మన సరిహద్దు తెలుగువాళ్ళు ఎంతమంది చదువుకున్నారో, ఎంతమంది పురుడు పోసుకున్నారో లెక్కలేదు. అవ్వ నాయన విన్న మాట ఈ దారినే వచ్చింది.

ఇక్కడ ఆగితే కథ అందంగా ఉంటుంది. కానీ అవ్వకు సగం చెప్పి పంపడం నాకు ఇష్టం లేకపోయింది. 1918లో రష్యాలో అంతర్యుద్ధం ముదిరింది. మఖ్నో దళాలు మెన్నొనైట్ల పల్లెల మీద పడ్డాయి. ఆ పల్లెల్లో వాళ్ళు ఆస్తిపరులు, చుట్టూ పేదరైతులు. పాత కోపాలూ ఉన్నాయి. మూడున్నర శతాబ్దాలుగా కత్తి ముట్టనివాళ్ళలో కొందరు యువకులు తుపాకులు పట్టుకుని ఆత్మరక్షణ దళాలు కట్టారు. సంఘం పెద్దలు గట్టిగా వద్దనలేకపోయారు, ఎవరి మనస్సాక్షి వారిదన్నారు. దాంతో కొంతకాలం ఊళ్ళు నిలిచాయి, తర్వాత పగ రెట్టింపైంది. 1919 చివర్లో ఐఖెన్‌ఫెల్డ్ అనే పల్లెలో ఒకే రాత్రి డెబ్బైమందికి పైగా హతమయ్యారు. ఆ దళాలు కట్టడం తప్పని తర్వాత చాలామంది మెన్నొనైట్లు ఒప్పుకున్నారు. తప్పే కావచ్చు. అర్ధరాత్రి గుమ్మం ముందు గుర్రాల చప్పుడు విన్నప్పుడు నేనేం చేసేవాణ్ణి అని నన్ను నేను అడిగితే జవాబు దొరకలేదు.

ఇరవయ్యో శతాబ్దం ఈ ప్రశ్నను ఇంకా కఠినం చేసింది. ఆస్ట్రియాలో ఫ్రాంజ్ యేగర్‌స్టెటర్ అనే రైతు, ఆడపిల్లల తండ్రి, హిట్లరు సైన్యంలో పోరాడనన్నాడు. బిషప్పు దగ్గరకు వెళితే, కుటుంబాన్ని చూసుకో, ఆలోచన మానుకో అన్న ధోరణిలో చెప్పి పంపారు. 1943 ఆగస్టు 9న తల నరికారు. 2007లో ఆయన చర్చే ఆయన్ను ధన్యుడిగా ప్రకటించింది. అదే కాలంలో జర్మనీ పాదిరి డీట్రిచ్ బోన్‌హోఫర్ – గాంధీగారి దగ్గరకు వచ్చి అహింస నేర్చుకోవాలని ఆశపడినవాడు – చివరికి హిట్లరును చంపే కుట్రలో ఉన్నవాళ్ళతో చేరాడు. 1945 ఏప్రిల్ 9న ఉరితీశారు. ఇద్దరూ ఒకే గ్రంథం చదివారు. ఒకడు చంపనన్నాడు, ఇంకొకడు చంపక తప్పదేమోనన్న చోటికి చేరాడు, ఆ పని పుణ్యమని మాత్రం అనలేదు.

మరి మన గాంధీగారు? ఆయన దక్షిణాఫ్రికాలో టాల్‌స్టాయ్ రాతల్లో కొండమీద ప్రసంగాన్ని కొత్తగా చూశాడని అందరికీ తెలుసు. అదే గాంధీగారు 1918లో గుజరాత్‌లోని ఖేడా పల్లెల్లో తిరిగి, బ్రిటిషువారి సైన్యంలో చేరండని రైతులను అడిగిన సంగతి తక్కువమందికి తెలుసు. రైతులు ఎక్కువగా చేరలేదు, ఆయన జబ్బుపడ్డాడు. మహాత్ములకే ఈ దారి తిన్నగా దొరకలేదు.

కుర్రవాడికి ఒక పేరు చెప్పాను. ఆల్బర్ట్ ఎక్కా. ఇప్పటి జార్ఖండ్‌కు చెందిన ఆదివాసి, క్రైస్తవుడు. 1971 డిసెంబరులో గంగాసాగర్ పోరులో గాయాలతోనే పాకుతూ వెళ్ళి శత్రువు మెషిన్‌గన్‌ను ఆపి ప్రాణమిచ్చాడు. పరమవీరచక్ర ఇచ్చారు. అవ్వకు కూడా ఒక పేరు చెప్పాను. డెస్మండ్ డాస్. అమెరికా సైన్యంలో వైద్య సహాయకుడిగా చేరి, తుపాకి మాత్రం ముట్టనన్నాడు. తోటివాళ్ళు పిరికివాడన్నారు. 1945లో ఒకినావాలో ఎత్తయిన కొండ అంచు మీద గుళ్ళవర్షంలో ఉండి, గాయపడ్డవాళ్ళను ఒక్కొక్కరినే తాడు కట్టి దించాడు. డెబ్బై అయిదుమంది అంటారు.

నేనేం సలహా ఇచ్చానని మీరు అడగవచ్చు. నిజం చెబుతాను, ఉద్యోగం వద్దని వాడికి చెప్పలేకపోయాను. మన దేశంలో నిర్బంధ సైనిక సేవ లేదు. కాదనడానికి ఎవరూ తల తియ్యరు. కానీ అప్పు ఉన్న ఇంట్లో కాదనడానికి అయ్యే ఖర్చు వేరే ఉంటుంది. ఎవరో సరిహద్దులో నిలబడితే ఇక్కడ నిమ్మళంగా జీతం తీసుకుంటున్న నేను ఆ పిల్లవాడికి అహింస ఉపదేశించడం సబబుగా తోచలేదు. అదే సమయంలో, సుబేదారును ముందు వరసలో కూర్చోబెట్టే సంఘాలు డిర్క్ విల్లెమ్స్ కథను పిల్లలకు చెప్పకపోవడం కూడా సబబుగా తోచలేదు. ఆ కుర్రవాడు పుట్టి పెరిగిన సంఘం పేరులోనే ఆ కథ ఉంది, వాడు మాత్రం దాన్ని మొదటిసారి నా నోట విన్నాడు. విన్న తర్వాత చాలాసేపు మాట్లాడలేదు. “సార్, ఆ బంటు కూడా నాలాగే జీతం కోసం చేరినవాడే కదా” అన్నాడు.

వాడు సెలెక్టయ్యాడు. శిక్షణకు వెళ్ళే రోజు నేనూ రాయచూరు స్టేషనుకు వెళ్ళాను. అవ్వ రానంటుందనుకున్నాను. వచ్చింది. జొన్నరొట్టెలు, పల్లీల పొడి గుడ్డలో మూటకట్టి తెచ్చింది. బండి కదిలేటప్పుడు కిటికీలోంచి మనవడి తల మీద చెయ్యి పెట్టి ఏదో ప్రార్థన చేసింది, ఆ గోలలో వినబడలేదు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నా పక్క సీట్లోనే కూర్చుంది. దేవసూగూరు దాటేదాకా పలకలేదు. అప్పుడు అడిగింది.

“సారూ, ఆ మంచుల మునిగినోడు, బతికినంక ఆయన్ని పట్టుకపోయిండు సూడు... వాడు తర్వాత ఏమాయె?”

తెలియదవ్వా, ఆ పుస్తకంలో వాడి పేరు కూడా రాయలేదు అన్నాను. ఆమె కాసేపు కిటికీలోంచి బయటికి చూసి, “వాని కోసం ఎవరన్న ప్రార్థన చేసిండ్రో లేదో” అంది.